రెండెకరాల్లో ముప్పై రెండెకరాలు

నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. దాన్ని చివరిదాకా దాచి, అదను చూసి బయటపెట్టేంత ఓపిక నాకు లేదు. ఝరాసంగం వైపు ఒక ఊళ్లో ఒక అవ్వ ఉంది. ఆమెకు రోడ్డు పక్కనే రెండెకరాల చేను ఉంది. ఆ చేను నిండా పంట ఉండగా, నేను రోడ్డు మీద స్కూటీ ఆపి, కాలు కూడా కింద పెట్టకుండా, ఫోన్లో 'బీడు' అని నొక్కి వెళ్లిపోయాను.

నా కారణాలు నాకున్నాయి. నేను ఆ ఊళ్లకు వ్యవసాయ విస్తరణ అధికారిని. పేరు ఘనంగానే ఉంటుంది. పని మాత్రం చేను చేనుకూ తిరిగి ఫోన్లో మీటలు నొక్కడం. దేశంలోని ప్రతి చేనూ, అందులోని ప్రతి పంటా ఒకే లెక్కలోకి రావాలని పైవాళ్లు సంకల్పించారు. ఢిల్లీలో కూర్చుని ఒక సర్వే నంబరు కొడితే అక్కడ ఏం పండుతోందో తెర మీద కనిపించాలి. గొప్ప ఆలోచనే, నేను కాదనను. కాకపోతే ఆ తెరకూ చేనుకూ మధ్య ఉన్నది నేనూ, నా స్కూటీ, సగం చార్జింగున్న నా ఫోనూ. దానికి తోడు ఆ రోజు వాన కురిసి వెలిసింది. నల్లరేగడి బురద మోకాలి దాకా పట్టుకుంటుంది. నా కాళ్లకు జహీరాబాద్ బజార్లో ముందురోజే కొన్న చెప్పులున్నాయి.

చెరకు చేను ఎంత బుద్ధిగా ఉంటుందో. దూరం నుంచే నేను చెరకునంటూ నిలబడుతుంది. పత్తీ అంతే, అల్లమూ అంతే. అవ్వ చేను అలా లేదు. పొట్టివీ పొడుగువీ, తీగలూ పొదలూ, ఒక తీరూ తెన్నూ లేకుండా అన్నీ ఎగబడి పెరిగాయి. రోడ్డు మీంచి చూస్తే పిచ్చిమొక్కలు కమ్మిన పడావు భూమిలా కనిపించింది. పైగా పంట ఉందని రాస్తే చేలోకి దిగి ఫొటో తీయాలి. 'బీడు' అని నొక్కితే ఆ ఏడాది యాప్ ఫొటో అడిగేది కాదు. నాలాంటివాళ్ల కోసమే ఆ మీట పెట్టారనిపించేది.

సంక్షేపంగా చెప్పాలంటే, నాలుగేళ్లు వ్యవసాయం చదివి పంటకూ పడావుకూ తేడా తెలియకుండా ఉద్యోగం చేశాను.

చలికాలం చివర్లో అవ్వ మా రైతు వేదికకు వచ్చింది. తలమీద కొంగు, చేతిలో పాసుబుక్కు, కళ్లలో నిప్పులు. జహీరాబాద్ మార్కెట్ యార్డులో ప్రభుత్వం కందులు కొంటోంది. అక్కడివాళ్లు మేం ఎక్కించిన లెక్క చూసే కొంటారు. లెక్కలో కంది ఉంటే బస్తా దించనిస్తారు, లేకపోతే ఆటో వెనక్కి తిప్పమంటారు. అవ్వ ఆటోను తిప్పించారు.

"నా చేను బీడట! నువ్వే జెప్పు మేడం, బీడుల కందులు కాస్తయా? బీడుకు ఎవలన్న కైకిలోళ్లను పెట్టి కలుపు తీపిస్తరా?"

"ఎవలో పొరపాటున రాసిన్రు కావచ్చు అవ్వా," అన్నాను, రిజిస్టరులోకి చూస్తూ. ఆ రిజిస్టరులో ఏమీ లేదు.

"పొరపాటా? గట్ల రాసినోళ్ల ఫోను మోరీల పడ! నొక్కిన ఏలికి గోరుచుట్టు లేవ! వాళ్లింట్ల పప్పు ఉడకకపోను!"

ఆమె నా ముఖంలోకే చూస్తూ తిట్టింది. నేను తలాడించాను. అంతటితో ఆగినా బాగుండేది. "అవునవ్వా, గట్లాంటోళ్లకు గట్లనే కావాలె," అని కూడా అన్నాను. నా జీవితంలో నేను ఇంత దిగజారిన సందర్భాలు తక్కువ. అవ్వ ఆ ఏడాది కందుల్ని బజార్లో వ్యాపారులు అడిగిన ధరకే ఇచ్చేసి పోయింది. మళ్లీ వచ్చేసారైనా తన కందులు లెక్కలో ఎక్కాలని, అందుకు పూచీ నాదేనని చెప్పి మరీ పోయింది.

ఆ రాత్రి మా ఇంట్లో పప్పు ఉడకలేదు. కుక్కర్ రబ్బరు సాగిపోయింది, అంతే. మర్నాడు కొత్త రబ్బరు తెచ్చి వేశాను. అప్పుడూ పప్పు పలుకుగానే ఉంది. ఇలాంటివి నేను నమ్మను. అయినా ఆ ఏడాదంతా చారుతోనే ఎక్కువగా గడిపాం.

మరుసటి వానాకాలం సర్వే మొదలవగానే మొట్టమొదట అవ్వ చేనుకే వెళ్లాను. ఆమె గట్టు మీద నిలబడి ఉంది.

"చెప్పులు గట్టుమీద ఇడువు బిడ్డా. ఇత్తిన చేన్ల చెప్పులతోటి నడువద్దు."

విడిచాను. అవే చెప్పులు. బురదలో దిగాక తెలిసింది, అది చల్లగా, మెత్తగా, హాయిగా ఉందని. ఒక ఏడాది ముందే తెలిసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

"ఏమేం పంటలున్నయో జెప్పు అవ్వా, ఒక్కొక్కటి ఎక్కిస్త."

ఆమె వేళ్లు మడవడం మొదలుపెట్టింది. జొన్న, కంది, పెసర, మినుము, బొబ్బర, అనుము, సజ్జ, కొర్ర, తైద, నువ్వు, ఉలవ, పుండి. నేను పన్నెండు నొక్కి ఊపిరి పీల్చుకున్నాను.

"ఆగు, ఇంకున్నయి. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్నచెంచలి, గునుగు."

"అవి నువ్వు ఇత్తినవా అవ్వా?"

"నేనెందుకు ఇత్తుత? అవే వస్తయి."

"మరి అవి పంటలెట్లయితయి?"

"రేపు పొద్దున కూరకు ఏం తెంపుకోవాలె నేను? బతుకమ్మకు గునుగుపువ్వు నీ ఫోన్లకెల్లి వస్తదా? రాయి!"

ఒకసారి ఆమె పంటల్ని రాయక ఏమైందో తెలిసినదాన్ని కాబట్టి రాశాను. మా జాబితాలో ఆ పేర్లు లేవు. 'ఇతర ఆకుకూర' అని నాలుగుసార్లు ఎక్కించాను. మొత్తం పదహారు. తర్వాత ఒక్కో పంటకూ ఎన్ని ఎకరాలని యాప్ అడిగింది.

"జొన్న ఎంతల ఉన్నది అవ్వా?"

"రెండెకరాలల్ల."

"కంది?"

"రెండెకరాలల్లనే. చేనంత ఉన్నది, కండ్లు లెవ్వా?"

నిజమే, చేనంతా ఉంది. ఏ మూల చూసినా జొన్న ఉంది, ఏ మూల చూసినా కంది ఉంది, వాటి కాళ్ల కింద పెసర ఉంది. పదహారు పంటలకూ రెండేసి ఎకరాలు వేసి పంపించాను. యాప్ ఏమీ అనలేదు. ఆకుపచ్చ టిక్కు పెట్టి ధన్యవాదాలు చెప్పింది. నేను పాపం కడిగేసుకున్న సంబరంతో మొగుడంపల్లి దాకా వెళ్లి మా అక్కను చూసి వచ్చాను.

వారం తర్వాత వీడియో సమావేశం పెట్టారు. జిల్లాలోని మా వాళ్లందరూ చిన్న చిన్న గళ్లలో కూర్చుని ఉన్నారు. మా జిల్లా అధికారి పెద్దసారు నా గడిని పెద్దది చేశారు.

"ఏమ్మా, మీ దగ్గర భూమి పిల్లలు పెడుతోందా?"

"సార్?"

"ఒక రైతుకు రెండెకరాల పట్టా. పంట ముప్పై రెండెకరాలు. మీ ఊళ్లో ఉన్న భూమికంటే పంట ఎక్కువైందని ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది."

"అన్నీ ఆ రెండెకరాల్లోనే ఉన్నాయి సార్."

"అంటే ఒకదాని మీద ఒకటా?"

"పక్కన ఒకటి సార్. కొన్ని మాత్రం ఒకదాని కింద ఒకటి."

గళ్లలో నోళ్లు మూసుకుని నవ్వుతున్నవాళ్లు నాకు కనబడుతూనే ఉన్నారు. వాళ్లలో ఎంతమంది స్కూటీలు దిగారో నాకు బాగా తెలుసు. దేశ విస్తీర్ణాన్ని ముప్పై ఎకరాలు పెంచినదాన్ని నేనొక్కదాన్నేనని ఆ తర్వాత చాలాకాలం ఏడిపించారు.

విషయం తేల్చడానికి పెద్దసారూ, యాప్ తయారుచేసిన బృందంలోంచి గడ్డం నెరిసిన ఒక ఇంజనీరూ జీపులో దిగారు. ఇంజనీరుకు తెలుగు రాదు. అవ్వకు ఆ ఫికర్ లేదు. జహీరాబాద్ బజార్లో బేరాలాడి నేర్చుకున్న ఉర్దూ ఆమెకు దండిగా ఉంది.

"భయ్యా, జూతే ఉతారో," అంది ముందుగా.

ఆయన బూట్లు విప్పాడు, మేజోళ్లు విప్పాడు, ప్యాంటు మడిచాడు. పెద్దసారు నావైపు ఒక చూపు చూసి తనూ విప్పారు. జిల్లా అధికారి పాదాలు చూడటం నాకదే మొదలు. చాలా తెల్లగా ఉన్నాయి.

జొన్న ఎంత శాతం ఉంటుందని ఇంజనీరు అడిగాడు. శాతం అంటే ఏందని అవ్వ నన్నడిగింది. నూటికి ఎంతని అర్థమని చెప్పాను.

"నూరు ఎవడు లెక్కబెట్టిండు? తట్టెడు జొన్నలకు దోసెడు కందులు, పిడికెడు పెసర్లు, చిటికెడు నువ్వులు. అన్ని కలిపి ఇత్తుతం. వాన ఎక్కువైతె కొన్ని పోతయి, తక్కువైతె కొన్ని పోతయి. అన్ని ఒక్కపారే ఏడ పోతయి?"

అది ఆయనకు ఉర్దూలో ఆమే చెప్పుకుంది. ఆయన వంగి, జొన్న మొదళ్ల మధ్య పెసర మొక్కను పక్కకు జరిపి చూశాడు. తర్వాత నాతో, మా పనిలో దీన్ని బ్యాకప్ అంటాం, దానికి మేం పెద్ద పెద్ద గదులు కడతాం అన్నాడు. నేను అవ్వకు చెప్పాను.

"ఏమన్న అనుకోని. నీ మిషన్ల నా కందులు ఎక్కియ్యుమను."

ఆమెకు కావలసింది అదొక్కటే. ఆ మాట ఆయనకు మూడుసార్లు చెప్పించింది. జొన్నరొట్టె, తుమ్మికూర పెట్టింది. ఆయన రెండో రొట్టె అడిగి తిన్నాడు. తప్పకుండా చేస్తానని మాటిచ్చి పోయాడు.

చేశాడు కూడా. నెల తిరక్కుండా యాప్ కొత్తది వచ్చింది. అందులో 'మిశ్రమ పంట' అని ఒక మీట ఉంది. అవ్వ చేను మీద నా పదహారు వరసలు మాయమై ఒకే వరస మిగిలింది: మిశ్రమ పంట, రెండెకరాలు. దేశం మళ్లీ పాత కొలతకు వచ్చింది. పెద్దసారు వీడియో సమావేశంలో నన్ను మెచ్చుకున్నారు. నేను కాస్త పొంగిపోయిన మాట నిజం.

ఆ పొంగు కందులు కోతకొచ్చేదాకానే. మార్కెట్ యార్డు కొనుగోలు కేంద్రంలో లిస్టు చూసే గుమస్తాను అవ్వ గురించి ముందే అడుగుదామని వెళ్లాను. ఆయన కంప్యూటర్లో నంబరు కొట్టి పెదవి విరిచాడు.

"మిశ్రమ పంట అని ఉన్నది మేడం."

"అందులోనే కంది ఉన్నది."

"మేం కందులు కొంటం. మిశ్రమం కొనం. లిస్టుల కంది అని పడాలె."

నాకు కోపం వస్తే ఎదుటివాళ్ల తప్పు ఎంతుందో చూడను. ఆయన్ను ఎన్ని మాటలన్నానో నాకే గుర్తులేదు. పాపం ఆయన కంప్యూటర్లో ఉన్నదే చెప్పాడు. పై ఆఫీసుకు ఫోను చేస్తే, తర్వాతి యాప్‌లో సరిచేస్తామన్నారు. తర్వాతి యాప్ వచ్చేసరికి కేంద్రం మూసేస్తారు. రెండో ఏడు కూడా అవ్వ కందులు నా చేతుల మీదుగానే మునిగాయి. ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్లి చెప్పాను.

ఆమె తిట్టలేదు. అందుకు ఇంకా భయమేసింది.

"గా మిషన్ల ఏమని ఉన్నదో సక్కగ జెప్పు."

"మిశ్రమ పంట అని ఉన్నది అవ్వా."

"అంటె?"

"అన్ని కలిసినయ్ అని."

"మంచిది," అని లోపలికెళ్లిపోయింది.

పొద్దున్నే గుమస్తాను బతిమాలుకుందామని నేను యార్డుకు వెళ్లేసరికి అవ్వ అప్పటికే వరసలో ముందు నిలబడి ఉంది. భుజాన ఒక మూట. గుమస్తా తలెత్తగానే, ఆయన బల్ల ముందు పరిచిన టార్పాలిన్ మీద ఆ మూట విప్పి గుమ్మరించింది. జొన్నలు, కందులు, పెసర్లు, కొర్రలు, నువ్వులు, అనుములు, అన్నీ ఒక్క కుప్ప.

"ఇగో, మిశ్రమం. కొను."

"ఇదేందవ్వా! ఇట్ల కలిపి తెస్తె ఎట్ల కొంటం? వేరు జేసి తేవాలె."

"వేరు జేసినయి తెస్తె లిస్టుల లెవ్వంటవు. లిస్టుల ఉన్నయి తెస్తె వేరు జెయ్యుమంటవు. ఏదో ఒకటి జెప్పు. నేను చాయ్ తాగొస్త."

వరసలో ఉన్నవాళ్లు ఈలలు వేశారు. అవ్వ నిజంగానే చాయ్ బండి వైపు వెళ్లిపోయింది. గుమస్తా లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. కుప్పను ఫొటో తీసి తన పైవాళ్లకు పంపాడు. అదే ఫొటో నేను ఇంజనీరుకు పంపి, నాకొచ్చిన హిందీలో గోడు వెళ్లబోసుకున్నాను.

ఆ తర్వాత ఏం చేయాలో తోచక టార్పాలిన్ మీద కూర్చుని కందులు ఏరడం మొదలుపెట్టాను. ఈ తిప్పలన్నీ నేను బండి దిగనందుకే వచ్చాయి. కనీసం ఆమె కందులైనా వేరుచేసి ఇద్దామనుకున్నాను. వరసలోని ఆడవాళ్లు ఇద్దరు నాతో కూర్చున్నారు. కాసేపటికి గుమస్తా కూడా బల్ల ఇవతలికొచ్చి గొంతుక్కూర్చున్నాడు. నువ్వుల దగ్గర అందరం ఏడుపు ముఖాలు పెట్టాం. గింజలకు బూడిద పట్టి ఉంది, మధ్య మధ్య ఎండిన వేపాకులు. మా చేతులు బూడిద రంగుకు తిరిగాయి. ముసలమ్మ పొయ్యి దగ్గర పెట్టిందేమో, శుభ్రం తెలియదనుకున్నాను.

గంట గడిచాక ఇంజనీరు ఫోను చేశాడు. ఆయన కట్టిన యాప్‌లో ఏదీ చెరిగిపోదట. నేను ఎక్కించిన ఆ పదహారు వరసలూ, దేశాన్ని పెంచిన ఆ తప్పుల తడకా, అడుగున అలాగే ఉన్నాయట. వాటిని పైకి తీసి మిశ్రమ పంట కింద పేర్లుగా చేర్చానని, ఒకసారి చూడమనీ అన్నాడు. గుమస్తా బూడిద చేతులతోనే మీట నొక్కాడు. మిశ్రమ పంట, దాని కింద జొన్న, దాని కింద కంది.

"కంది పడ్డది!" అని గుమస్తానే అరిచాడు.

అప్పుడే అవ్వ వచ్చింది. వెనకాల ఆటో. ఆటోలో చెరిగి, జల్లించి, మూతులు కుట్టిన కందుల బస్తాలు. వాటిని ఆమె పొద్దున్నుంచే గేటు బయట నిలబెట్టించింది. టార్పాలిన్ మీద మా వరస చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"అరెరె, ఏం జేస్తున్నరే! ఎవలు ఏరుమన్నరు? అది నా ఇత్తనం మూట! వచ్చే కాలానికి బూడిద పట్టిచ్చి కలిపి పెట్టుకున్న!"

బూడిద పురుగు పట్టకుండా కలుపుతారని మా పుస్తకంలో ఒక పాఠమే ఉంది. పరీక్షలో నేను ఆ ప్రశ్న రాశాను కూడా. గంటన్నర ఏరినా నాకది తట్టలేదు. అవ్వ వంగి, మేం చేసిన చిన్న చిన్న కుప్పలన్నిటినీ రెండు చేతులతో దగ్గరికి లాగి నాలుగుసార్లు తిప్పింది. విత్తనం ముందు ఎలా ఉందో అలా అయిపోయింది.

మూట కట్టి, నా చేతుల వైపు చూసింది.

"నిరుడు బండి గుడ దిగకపోతివి. ఇయ్యాళ్ల గింజ గింజ ఏరుతున్నవా?"

"నీకు ఎర్కనా అవ్వా?"

"ఊరికంత ఒక్క మేడమే. ఎర్క లేకపోవుడేంది?"

"మరి ఎర్కుండే నా ముందట గట్ల తిట్టినవా?"

"ఎర్క లేకుంట ఎట్ల తిడుత బిడ్డా? ఎవలో తెల్వనోళ్లను తిడితె పాపం గాదా?"

యార్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వుతుండగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడాదంతా ఆమె ముందు దొంగలా తిరిగాను. ఆమె అదంతా చూస్తూనే రొట్టె పెట్టింది, పంటల పేర్లు చెప్పింది. తప్పు నాదేనవ్వా అన్నాను. ఆ ఒక్క మాటకు ఏడాది పట్టింది.

"సరె, సరె. ముందుగాల కందులు జోకియ్యి."

తూకం వేయించాం. గుమస్తా దగ్గరుండి బస్తాలు దింపించాడు. కాగితం మీద వేలిముద్ర వేసి, అవ్వ ఒక బస్తా కుట్టు కొంచెం విప్పి దోసెడు కందులు తీసింది. నా చున్నీ కొంగు పట్టుకుని అందులో పోసి ముడి వేసింది.

"తీస్కపో. ఇగ ఉడుకుతది."

ఆ సాయంత్రం వాటిని విసిరి, చెరిగి, అదే కుక్కర్లో వేశాను. నిరుడు మార్చిన ఆ రబ్బరే. మూడు కూతలకు మెత్తగా ఉడికింది.